మా బాబాయ్ పుస్తకానికి పదకొండు రివ్యూలు

మా బాబాయ్ ఆర్టీసీలో కండక్టర్. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు మీద చాలా ఏళ్ళు డ్యూటీ చేశాడు. పోయిన వేసవిలో ఏరియర్స్ డబ్బులు చేతికొస్తే, పిన్ని ఫ్రిజ్ మారుద్దాం అంది, బాబాయ్ పుస్తకం వేద్దాం అన్నాడు. పుస్తకమే వచ్చింది. పద్నాలుగు కథలు, 300 కాపీలు. పేరు ‘చిల్లర దిగేటప్పుడు’. పెద్ద నోటు ఇచ్చిన ప్రతి ప్యాసింజర్‌కీ కండక్టర్ చెప్పే మాటే అది. టికెట్ వెనక పెన్నుతో బాకీ రాసిచ్చి ముందుకి వెళ్ళిపోతాడు కదా, అదే.

ఆవిష్కరణ సభ బాగానే జరిగింది. శాలువాలు కప్పారు, ఇద్దరు పెద్దలు మాట్లాడారు, గ్రూప్ ఫోటో తీశారు. ఆ రోజే 70 కాపీలు చేతులు మారాయి, అన్నీ ఫ్రీగానే. తర్వాత మూడు నెలల్లో అమ్ముడుపోయినవి 40. మిగిలిన 190 అట్టపెట్టెల్లో మంచం కిందకి చేరాయి. పాత ఫ్రిజ్ చప్పుడు చేసినప్పుడల్లా పిన్ని మంచం వైపు చూసేది.

“నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదరా నాన్నా, ఆన్‌లైన్‌లో పెట్టి నలుగురు చదివి రెండు ముక్కలు రాసేలా చూడు” అని బాబాయ్ నాకు అప్పగించాడు. నేను సెకండ్ ఇయర్ సీఎస్ఈ. అదెంత పని అనుకున్నాను. ఎంత పనో తెలిశాక ఇప్పుడు ఇది రాస్తున్నాను. మన క్లబ్‌లోనే ఇద్దరు ముగ్గురు సొంతంగా కవితా సంపుటి వేసే ఆలోచనలో ఉన్నారు. నేను చేసిన తప్పులు వాళ్ళు చేయకపోతే చాలు.

ముందుమాటలు ఎక్కువ, పాఠకుడి మాట తక్కువ

తెలుగులో సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం కొత్తేం కాదు. కవితా సంపుటాలైతే చాలావరకు అలాగే వస్తాయి. కాబట్టి పుస్తకం గురించి నలుగురితో మాట్లాడించే పద్ధతులు మనకి ముందునుంచీ ఉన్నాయి. మొదటిది ముందుమాట. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు, దానికి చలం రాసిన ‘యోగ్యతాపత్రం’ గురించి ఇప్పటికీ పుస్తకంతో పాటే చెప్పుకుంటారు. రెండోది ఆవిష్కరణ సభ. మూడోది పత్రికల్లో సమీక్ష. దానికి రెండు కాపీలు పంపి ఎదురుచూడాలి. చోటు లేకపోతే ‘స్వీకారం’ కింద పుస్తకం పేరు, పేజీలు, ధర వేసి వదిలేస్తారు.

ఈ మూడూ మంచివే. కానీ వీటిలో మాట్లాడేది పెద్దవాళ్ళు, లేదా రచయితకి తెలిసినవాళ్ళు. పాఠకుల రివ్యూ అంటే అది కాదు. రచయిత ముఖం ఎప్పుడూ చూడని మనిషి, తన డబ్బుతో కొనుక్కుని, తన టైం పెట్టి చదివి, తనకి అనిపించింది రాయడం. కొత్త రచయిత పుస్తకం కొనాలా వద్దా అని ఊగిసలాడే ఇంకో మనిషికి కావలసింది అదే. మనం బిర్యానీ ఆర్డర్ పెట్టేముందు హోటల్ ఓనర్ రాసింది చదువుతామా? తిన్నవాళ్ళు రాసిందే చూస్తాం.

పేరున్న పబ్లిషర్ వేసిన పుస్తకానికి ఆ పబ్లిషర్ పేరే కొంత హామీ. షాపులో ముందు వరసలో పెడతారు. సొంతంగా వేసుకున్నవాళ్ళకి ఆ హామీ లేదు. అందుకే వాళ్ళకి రివ్యూలు మిగతావాళ్ళకంటే ఎక్కువ అవసరం, దొరకడం మాత్రం తక్కువ.

స్టార్ల వెనక లెక్క

మన బ్రాంచ్ వాళ్ళకి ‘కోల్డ్ స్టార్ట్’ అనే మాట తెలిసే ఉంటుంది. ఎవరూ రేటింగ్ ఇవ్వని వస్తువుని ఎవరికి చూపించాలో రికమెండేషన్ సిస్టమ్‌కి తెలీదు. చూపించదు కాబట్టి ఎవరూ కొనరు. కొనరు కాబట్టి ఎవరూ రేటింగ్ ఇవ్వరు. చలికాలం పొద్దున్న పాత స్కూటర్ కిక్కు కొట్టినట్టే. ఒకసారి అందుకుంటే వెళ్తుంది, అందుకోవడమే కష్టం.

పోనీ ఐదారుగురు ఐదేసి స్టార్లు ఇచ్చేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. తక్కువమంది ఇచ్చిన రేటింగ్‌ని పూర్తిగా నమ్మకూడదని లెక్కల్లో ఒక పద్ధతి ఉంది, బేయేసియన్ సగటు అంటారు. ప్రతి పుస్తకానికీ ముందే కొన్ని ‘మామూలు’ ఓట్లు ఉన్నాయని అనుకుని లెక్క మొదలుపెడతారు. ఉదాహరణకి పది ఓట్లు, ఒక్కోటి 4 స్టార్లు అనుకుందాం. అంటే చేతిలో 40. ఇప్పుడు ఒక పుస్తకానికి తొమ్మిదిమంది 5 ఇచ్చారు. 40 ప్లస్ 45, మొత్తం 85. దాన్ని 19తో భాగిస్తే 4.47. ఇంకో పుస్తకానికి 120 మంది ఇచ్చిన సగటు 4.6. 40 ప్లస్ 552, మొత్తం 592. దాన్ని 130తో భాగిస్తే 4.55. పైకి చూస్తే మొదటిది 5.0, రెండోది 4.6. లెక్క మాత్రం రెండోదాన్నే పైన పెడుతుంది.

చాలా సైట్లు ఏ ఫార్ములా వాడతాయో పూర్తిగా బయటికి చెప్పవు. అమెజాన్ కూడా తన స్టార్లు మామూలు సగటు కాదని, రివ్యూ ఎంత కొత్తది, రాసినవాళ్ళు నిజంగా కొన్నారా లాంటివి కూడా చూస్తానని మాత్రం చెబుతుంది. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. తక్కువ టైంలో తక్కువమంది ఇచ్చిన ఫుల్ మార్కులకి విలువ తక్కువ. మెల్లగా, వేరువేరు చోట్ల నుంచి, వేరువేరు మార్కులతో వచ్చినవే నిలబడతాయి.

ఈ లెక్క అంతా నాకు ముందే తెలుసు. అయినా ఏం చేశానో చూడండి.

నేను చేసిన వెధవ పని

ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం, హాస్టల్ రూంలో తొమ్మిదిమందిని కూర్చోబెట్టి సమోసాలు తెప్పించాను. అందరూ ఒకే వైఫై మీద, గంటలోపల, పుస్తకానికి ఐదేసి స్టార్లు కొట్టారు. “సూపర్ బుక్”, “మస్ట్ రీడ్”, “హృదయాన్ని కదిలించింది”. ఒకడు చాట్‌బాట్‌తో రాయించి “గ్రామీణ జీవితాన్ని అద్భుతంగా చిత్రించిన నవల” అని పెట్టాడు. అది కథల పుస్తకం. వాడికి ఆ సంగతి కూడా తెలీదు. నిజం చెప్పాలంటే తొమ్మిదిమందిలో ఒక్కడూ పుస్తకం తెరవలేదు. పదోవాణ్ణి నేను. నేనూ తెరవలేదు.

పది రోజుల్లో తొమ్మిదీ మాయమయ్యాయి. సైట్ తీసేసింది. అందులో సైట్ తప్పేం లేదు. మిగిలింది మాకు తెలియని ఒకాయన రాసిన మూడు స్టార్ల రివ్యూ. “అచ్చుతప్పులు చాలా ఉన్నాయి. రెండు కథలు ఒకేలా ఉన్నాయి. కానీ ‘స్టూడెంట్ పాస్’ కథ చదివాక కాసేపు పుస్తకం మూసేశాను.” అంతే.

నాలాంటి తెలివైనవాళ్ళు ప్రపంచంలో ముందే ఉన్నారని తర్వాత తెలిసింది. జాన్ లాక్ అని అమెరికన్ రచయిత. సొంతంగా పబ్లిష్ చేసుకుని కిండిల్‌లో పది లక్షల కాపీలు అమ్మిన మొదటి మనిషిగా 2011లో పేరు తెచ్చుకున్నాడు. అందులో 300 రివ్యూలు డబ్బిచ్చి రాయించుకున్నవని 2012లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అదే ఏడాది బ్రిటిష్ క్రైమ్ రచయిత ఆర్.జె. ఎలరీ, దొంగ పేర్లతో తన పుస్తకాలని తానే పొగుడుకుని, తోటి రచయితలని తిట్టిన సంగతి బయటపడి క్షమాపణ చెప్పుకున్నాడు. ఇద్దరూ నిజంగా రాయగలిగినవాళ్ళే. ఆ తర్వాత వాళ్ళ పేరు వెతికితే పుస్తకాలతో పాటు ఇదీ వస్తుంది.

రూల్స్ కూడా గట్టివే. అమెజాన్‌లో కుటుంబ సభ్యులు, దగ్గరి స్నేహితులు రివ్యూ రాయకూడదు. డబ్బిచ్చి రాయించకూడదు. ‘నాది నువ్వు రాయి, నీది నేను రాస్తా’ అని రచయితలు మార్చుకోవడమూ కుదరదు. మన దేశంలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసమే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. అమెరికాలో దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం మీద నిషేధం 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది.

రూల్స్ కంటే నన్ను గట్టిగా కొట్టింది వేరే. దసరాకి ఇంటికి వెళ్ళాను. బాబాయ్ ఆ తొమ్మిది రివ్యూల స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాడు. పోయేముందే తీసినట్టున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ మళ్ళీ చదివి, “ఇందులో చదివినవాడు ఎవడ్రా?” అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. చదివినవాడు ఉంటే ఫోన్ చేసి మాట్లాడదామని ఆయన ఆశ. నేను తల దించుకున్నాను. “పోన్లే, ఈ మూడు స్టార్లాయన చదివాడు” అన్నాడు.

మొదటి పని: మనం చదవడం

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవగలను కానీ నెమ్మది. ఒత్తుల దగ్గర బండి ఆగిపోతుంది. 140 పేజీలకి నాకు పద్నాలుగు రోజులు పట్టింది, రోజుకో కథ. ఎనిమిదో రోజు ‘స్టూడెంట్ పాస్’ వచ్చింది.

ఇంటర్ చదివే కుర్రాడు ఫ్రెండ్స్‌తో బస్సెక్కుతాడు. కండక్టర్ వాడి సొంత బాబాయ్. ఫ్రెండ్స్ ముందు చెప్పుకోలేక, ఎవరో తెలియనట్టు పాస్ తీసి చూపిస్తాడు. కండక్టర్ ఆ పాస్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగిచ్చి, “జాగ్రత్తగా దిగు బాబూ” అని వెనక్కి వెళ్ళిపోతాడు. కథ అంతే. ఆ కుర్రాడిని నేనే. ఆ రోజు బాబాయ్ గమనించలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

దీన్ని ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. పుస్తకం చదవకుండా అది ఎవరికి నచ్చుతుందో చెప్పలేం. ఎవరికి నచ్చుతుందో తెలియకుండా ఎవరిని రివ్యూ అడగాలో తెలీదు. నేను చదివిన తర్వాతే తెలిసింది, ఈ పుస్తకం ‘సాహిత్యాభిమానుల’ కోసం మాత్రమే కాదని. ఇది బస్సుల్లో తిరిగిన వాళ్ళది. ఆర్టీసీ ఉద్యోగులది, వాళ్ళ పిల్లలది, రోజూ బస్సులో ఊరు దాటి బడికి వెళ్ళే టీచర్లది, మన్యంలో పనిచేసిన నర్సులది.

ఎవరికి పంపాలి

మన బ్రాంచ్‌కి బాగా దగ్గరైన ఉదాహరణ ఆండీ వియర్. ప్రోగ్రామర్‌గా ఉద్యోగం చేసుకుంటూ 2009 నుంచి ‘ది మార్షియన్’ నవలని తన సైట్లో ఒక్కో అధ్యాయం ఫ్రీగా పెడుతూ వచ్చాడు. చదివేవాళ్ళలో సైన్స్ తెలిసినవాళ్ళు ఉండేవాళ్ళు. లెక్క తప్పితే మెయిల్ రాసేవాళ్ళు, ఆయన దిద్దుకునేవాడు. ఈ-రీడర్‌లో చదువుకునేలా ఇమ్మని వాళ్ళే అడిగితే 2011లో కిండిల్‌లో 99 సెంట్లకి పెట్టాడు. అప్పటికే చదివి ఇష్టపడినవాళ్ళు ఉన్నారు కాబట్టి రివ్యూలు వెంటనే మొదలయ్యాయి. 2014లో పెద్ద పబ్లిషర్ వేశాడు, 2015లో సినిమా వచ్చింది. అందరికీ అలా జరుగుతుందని కాదు. వరస చూడండి. ముందు పాఠకులు, తర్వాత పుస్తకం, ఆ తర్వాత రివ్యూలు. మనం దీన్ని తిరగేసి చేస్తాం.

తెలుగులో ఇలా ముందుగా పాఠకులని సంపాదించుకోవడానికి ప్రతిలిపి లాంటివి ఉన్నాయి. భాగాలుగా పెడితే ఒక్కో భాగం కింద చదివినవాళ్ళు రాస్తారు. పుస్తకం వేసేనాటికి మనల్ని ఎరిగినవాళ్ళు కొంతమంది ఉంటారు.

పుస్తకం ఇప్పటికే అచ్చయిపోతే, మా లాగా, జాబితా రాసుకోవాలి. మేం 20 మందిని ఎంచుకున్నాం. అందులో బంధువులు లేరు. రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు ఆరుగురు. టీచర్లు ఐదుగురు. కథల గురించి ఆన్‌లైన్‌లో రాసేవాళ్ళు ఐదుగురు. మిగతా నలుగురు లైబ్రరీలో రోజూ కనిపించే పెద్దలు. 20 ఎందుకంటే, ఫ్రీగా వచ్చిన పుస్తకాన్ని అందరూ చదవరు. చదివిన అందరూ రాయరు. ఐదారు రివ్యూలు కావాలంటే ఇరవై కాపీలు వదులుకోవడానికి సిద్ధపడాలి.

ఫ్రీగా ఇచ్చి రివ్యూ అడగొచ్చా? ఒక్క పద్ధతిలో అడగొచ్చు. 2016లో అమెజాన్, వస్తువు ఫ్రీగా ఇచ్చి రివ్యూ రాయించుకోవడాన్ని ఆపేసినప్పుడు పుస్తకాలకి మినహాయింపు ఇచ్చింది. విడుదలకి ముందే కాపీలు పంపడం పుస్తకాల లోకంలో పాత అలవాటు. షరతు ఏంటంటే, రివ్యూ రాసి తీరాలని పెట్టకూడదు, మంచిగా రాయమని అసలు అడగకూడదు. ఫ్రీగా అందుకున్నవాళ్ళు ఆ మాట రివ్యూలో ఒక ముక్క రాస్తే ఇంకా మంచిది.

ఆన్‌లైన్‌లో రాసేవాళ్ళకి పంపేముందు వాళ్ళు రాసినవి కనీసం మూడు చదవండి. ఫాంటసీ మాత్రమే చదివే మనిషికి కండక్టర్ కథలు పంపడం ఇద్దరికీ దండగ. తెలుగు పుస్తకాల గురించి 2009 నుంచి నడుస్తున్న పుస్తకం డాట్ నెట్ ఉంది. 1998 నుంచి వస్తున్న ఈమాట ఉంది. ఇలాంటి చోట్ల వచ్చే పెద్ద వ్యాసం స్టార్ల లెక్కలో కలవకపోవచ్చు, కానీ నాలుగేళ్ళ తర్వాత ఎవరైనా పుస్తకం పేరు వెతికితే దొరికేది అదే.

రాయడానికి చోటు కూడా ఉండాలి. ఇంగ్లీష్ గైడ్లలో సగం సలహాలు కిండిల్ చుట్టూ తిరుగుతాయి. 2016 చివర్లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. కాబట్టి అవి మనకి ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. అచ్చు పుస్తకం అమ్మే పేజీ ఒకటి, గుడ్‌రీడ్స్‌లో పేజీ ఒకటి ఉంటే చాలు. గుడ్‌రీడ్స్‌లో రచయిత ఖాతాకి డబ్బు కట్టక్కర్లేదు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ కూడా ఉచితమే. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి అచ్చుకి ముందే అప్లై చేసుకోవాలి. నంబర్ ఉంటే ఒకే పుస్తకానికి రెండు మూడు పేజీలు తయారై రివ్యూలు చెల్లాచెదురయ్యే బాధ తగ్గుతుంది.

ఎప్పుడు అడగాలి

పుస్తకం చేతిలో పెడుతూ “చదివి రివ్యూ రాయండి” అంటాం. అది హోంవర్క్ ఇచ్చినట్టు ఉంటుంది. ఆ మాట విన్నవాళ్ళు మనల్ని రోడ్డు మీద చూస్తే పక్క సందులోకి తిరుగుతారు. ఈ విషయం బాబాయే తేల్చాడు. “ఎక్కేటప్పుడు చిల్లర లెక్క తేలదురా. తోపులాట. దిగేటప్పుడే గుర్తొస్తుంది, అప్పుడే అడగాలి” అన్నాడు.

పుస్తకం నుంచి దిగే చోటు చివరి పేజీ. అక్కడ చాలా పుస్తకాల్లో ఖాళీ ఉంటుంది, లేదా రచయిత ఇతర రచనల పట్టిక ఉంటుంది. మా దగ్గర మిగిలిన కాపీలన్నిటికీ చివర చిన్న కాగితం అతికించాం. నేనూ బాబాయ్ కూర్చుని, మైదా జిగురుతో. అందులో ఇలా రాశాం:

“ఇంతదాకా చదివినందుకు సంతోషం. మీకు ఏ కథ గుర్తుండిపోయింది? ఏది నచ్చలేదు? రెండు మాటలు రాస్తే, ఈ పుస్తకం కొనాలా వద్దా అని ఆలోచించే ఇంకొకరికి పనికొస్తుంది. బాగుందని రాయక్కర్లేదు, చదివినట్టు రాస్తే చాలు.”

కింద రివ్యూ పేజీకి నేరుగా వెళ్ళే క్యూఆర్ కోడ్, పక్కన బాబాయ్ ఫోన్ నంబర్. పోస్టులో పంపిన 20 కాపీల్లో మాత్రం ఇంకోటి పెట్టాం. మా అడ్రస్ రాసిన పోస్ట్‌కార్డు. యాభై పైసలు. అది బాబాయ్ ఐడియా. నేను నవ్వాను. ఏడు కార్డులు తిరిగొచ్చాయి.

ఆ నాలుగు లైన్లలో చూడాల్సినవి మూడు. ఒకటి, “రివ్యూ రాయండి” అని ఊరికే అనకుండా ఒక ప్రశ్న అడిగాం. ఖాళీ పెట్టె చూస్తే ఎవరికీ మాట రాదు, ప్రశ్న ఉంటే జవాబు వస్తుంది. రెండు, మేలు రచయితకి కాదు, ఇంకో పాఠకుడికి అని చెప్పాం. అది నిజం కూడా. మూడు, పొగడక్కర్లేదని ముందే చెప్పేశాం.

మళ్ళీ గుర్తుచేయడం ఒక్కసారే. పుస్తకం అందిన నెల తర్వాత “వీలైతే చదవండి” అని ఒక మెసేజ్. రెండోసారి పంపితే అది అప్పుల వసూలు అయిపోతుంది.

తెలుగు టైపింగ్ అనే గోడ

ఇది ఏ గైడ్‌లోనూ నాకు కనబడలేదు. తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళలో పెద్దవయసువాళ్ళు చాలామంది. వాళ్ళు రివ్యూ రాయరు, ఫోన్ చేస్తారు. మన పుస్తకాల మీద రచయిత ఫోన్ నంబర్ వేసే అలవాటు ఎందుకుందో అప్పుడు అర్థమైంది. కాగితం అతికించాక నాలుగు నెలల్లో బాబాయ్‌కి ముప్పై దాకా ఫోన్లు వచ్చాయి. ఒక రిటైర్డ్ డ్రైవర్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. అవన్నీ రివ్యూలే. గాల్లో కలిసిపోతున్న రివ్యూలు.

వాళ్ళకి రాయడం ఇష్టం లేక కాదు. ఫోన్‌లో తెలుగు టైప్ చేయడం రాదు. అందుకే ఫోన్ పెట్టేముందు బాబాయ్ ఒక మాట చేర్చడం మొదలుపెట్టాడు: “మీరిప్పుడు చెప్పారే, అదే నాలుగు ముక్కలు అందరికీ కనబడేలా పెడతారా? మావాడు ఎలాగో చెబుతాడు.” ఆ మావాణ్ణి నేను. కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ ఎక్కడుందో చూపిస్తూ ఒక నిమిషం వీడియో చేసి పంపేవాణ్ణి. మైక్ నొక్కి మాట్లాడితే తెలుగులో అక్షరాలు పడటం చూసి ఒకావిడ “ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటి బాబూ” అని ఆశ్చర్యపోయారు. ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసినా పర్లేదని కూడా చెప్పేవాళ్ళం. వాళ్ళ తరఫున నేను రాసి పెట్టడం మాత్రం చేయలేదు. ఆ దారి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

పోస్ట్‌కార్డుల మీద వచ్చిన మాటలని కూడా ఆన్‌లైన్‌లో రివ్యూలుగా ఎక్కించలేదు. రాసినవాళ్ళని అడిగి, ఒప్పుకున్నవాళ్ళవి రెండో ముద్రణ వెనక అట్ట మీద వేద్దామని దాచాం.

మూడు స్టార్లు వస్తే

తిరిగి జవాబు రాయకండి. రచయిత వచ్చి వాదించడం చూస్తే రాద్దామనుకున్న మిగతావాళ్ళు కూడా వెనక్కి తగ్గుతారు. నాకైతే ఆ మూడు స్టార్లాయనకి “సార్, అచ్చుతప్పులు ప్రెస్ వాళ్ళవి” అని రాయాలని చేయి దురద పెట్టింది. బాబాయ్ ఆపాడు. ఎర్ర పెన్ను తీసుకుని మొత్తం పుస్తకం మళ్ళీ చదివాడు. 61 తప్పులు దొరికాయి. ఆయన అన్నది నిజమే.

ఇంకో సంగతి. ఫోన్లు చేసినవాళ్ళలో ముగ్గురు ఆ మూడు స్టార్ల రివ్యూ చూసే కొన్నామని చెప్పారు. అంతా ఐదులే ఉంటే అనుమానం వస్తుంది. ఒకరు లోపం చెప్పి, ఆ తర్వాత ఒక కథ దగ్గర ఆగిపోయానని చెబితే, ఆ ఆగిపోవడం నిజమని తెలుస్తుంది.

ఇప్పటికి లెక్క

20 కాపీల్లో చదివామని చెప్పినవాళ్ళు పన్నెండుమంది, ఆన్‌లైన్‌లో రాసినవాళ్ళు ఆరుగురు. ఫోన్ చేసి తర్వాత రాసినవాళ్ళు నలుగురు. మొదటి ఆయనతో కలిపి పదకొండు. నాలుగు ఐదులు, ఐదు నాలుగులు, రెండు మూడులు. సగటు 4.18. పైన చెప్పిన ఫార్ములాలో వేస్తే 4.10. మా తొమ్మిది దొంగ ఐదులకి అదే ఫార్ములా 4.47 ఇచ్చింది. అంటే లెక్క ప్రకారం అబద్ధమే గెలిచింది. ఫార్ములాకి ఎవరు చదివారో తెలీదు కదా. కానీ దొంగవి ఉన్న పది రోజుల్లో ఒక్క కాపీ అమ్ముడుపోలేదు. ఈ పదకొండు మెల్లగా చేరిన నాలుగు నెలల్లో 60 పోయాయి. మంచం కింద ఇంకా 110 ఉన్నాయి. ఫ్రిజ్ ఇంకా పాతదే.

పన్నెండో రివ్యూ నాది అవ్వాలి. కానీ ఇంటివాళ్ళు రాయకూడదు. అందుకని ‘స్టూడెంట్ పాస్’ గురించి నాకు అనిపించింది బాబాయ్‌కే వాట్సాప్‌లో రాశాను, తెలుగులో, వాయిస్ టైపింగ్ లేకుండా. పదకొండు లైన్లకి ముప్పావుగంట పట్టింది. బ్లూ టిక్ పడింది కానీ చాలాసేపు జవాబు రాలేదు. డ్యూటీలో ఉన్నాడేమో అనుకున్నాను. రాత్రి తొమ్మిదికి వచ్చింది: “మూడో లైన్లో ఒత్తు తప్పు. మిగతాది బాగుంది. సంక్రాంతికి ఎప్పుడొస్తావ్?”

సంక్రాంతికి బస్సులోనే వెళ్ళాను. నర్సీపట్నంలో చింతపల్లి బస్సెక్కితే బాబాయ్ డ్యూటీలో ఉన్నాడు. ఈసారి నాతో ఇద్దరు ఫ్రెండ్స్ ఉన్నారు. “మా బాబాయ్. కథలు రాస్తాడు” అని చెప్పాను. వాళ్ళిద్దరికీ చెరో కాపీ అమ్మాడు. రెండొందల నోటు ఇస్తే చిల్లర దిగేటప్పుడు అన్నాడు.